ఈ నడక ఎవరిది

ఓంకార్ పోయి ఆరు నెలలైంది. ఏడాది తిరగకముందే బిడ్డ పెళ్లి చేసేస్తే పోయినవాడికి కూడా మంచిదని చుట్టాలంతా కూర్చుని తేల్చారు. ఆ బిడ్డ నవనీత. వరుడు జశ్వంత్, ఆమె ఆఫీసులోనే పనిచేసే కాకినాడ కుర్రాడు. ముహూర్తం కుదిరింది, గోపన్‌పల్లిలో ఫంక్షన్ హాలు దొరికింది, అంతా సవ్యంగానే జరుగుతోంది. పెళ్లి ఇంకా ఇరవై రెండు రోజులుందనగా తల్లి భూలక్ష్మి ఉడుంపట్టు పట్టింది. పెళ్లి వీడియోలో ఓంకార్ ఉండాలి. మూలన దండ వేసిన ఫొటో కాదు, మనిషి. నడిచి రావాలి, మండపం మెట్లెక్కాలి, జంట మీద అక్షింతలు వేసి దిగిపోవాలి.

"ఊరందరి పెండ్లిళ్లల్ల సచ్చినోళ్లను తెచ్చి నిలబెట్టిండు మీ నాయిన. సొంత బిడ్డ పెండ్లిల తనే లేకపోతే ఎట్లనే?" అంది.

కొత్తవాళ్లు ఈ మాట వింటే భూలక్ష్మికి మతి చలించిందనుకుంటారు. గోపన్‌పల్లి పాతకాపులు మాత్రం అలా అనుకోరు. వాళ్లలో సగం మంది ఇళ్లలో ఓంకార్ తీసిన పెళ్లి వీడియోలున్నాయి.

ఇవాళ గోపన్‌పల్లి అంటే లిఫ్టులో పైకి పోయేవాళ్లు, బైక్ ట్యాక్సీ మీద గచ్చిబౌలి పోయేవాళ్లు తప్ప నేల మీద నడిచే మనిషి కనపడడు. పాతికేళ్ల కిందట అందరూ నడిచేవాళ్లే. ఎవరి నడక ఎవరిదో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో కిరాణా కొట్టు పైగదిలో ఒక లోకల్ కేబుల్ ఛానల్ ఉండేది. అందులో రోజూ సాయంత్రం అరగంట ఓంకార్ కార్యక్రమం. పేరు 'ఈ నడక ఎవరిది'. సున్నం వేసిన గోడ, ఒక ట్యూబులైటు, స్టాండు మీద కెమెరా. ఓంకార్ భుజాన తువ్వాలో శాలువో వేసుకుని, కెమెరాకు వీపు పెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. అంతే. ఆ నడక ఊళ్లో ఎవరిదో ఫోన్ చేసి చెప్పాలి. చెప్పినవాళ్లకు స్టీలు గ్లాసు. ఆ ఫోన్ల ధాటికి ఛానల్ వాడి తల వాచిపోయేది. పాలాయన నడక, పోస్టుమాస్టర్ నరసింహమూర్తి నడక, సర్పంచ్ నడక. సర్పంచ్ ఒకసారి తన నడక తానే చూసుకుని, ఫోన్ చేసి ఇంకెవరి పేరో చెప్పి గ్లాసు పోగొట్టుకున్నాడు.

ఓంకార్‌కు ముఖం లేక కాదు. చక్కని కోరమీసంతో చూడబుద్ధయ్యే ముఖమే. కానీ ఎన్నడూ కెమెరా వైపు తిరగలేదు. ఎందుకని అడిగితే, "ముఖం చూపెడితే ఓంకార్ కనపడ్తడు. ఓంకార్‌ను చూసుడేముంది?" అనేవాడు.

ఆ తర్వాత నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసే రామన్న చనిపోయాడు. ఎడమకాలు కొంచెం ఈడ్చే మనిషి. నాలుగు నెలలకు రామన్న కూతురి పెళ్లి. వీడియో తీయడానికి వెళ్లిన ఓంకార్ చేతులు పట్టుకుని రామన్న భార్య ఏడ్చింది. ఒక్కసారి ఆయన లెక్క నడువన్నా, పిల్ల పెండ్లి క్యాసెట్టుల ఆయన ఉన్నట్టుంటది అంది. ఓంకార్ రామన్న శాలువా కప్పుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ మండపం ఎక్కి అక్షింతలు వేశాడు. వెనక నుంచి అతని సహాయకుడు బుజ్జి కెమెరా పట్టాడు. ఆ క్యాసెట్ వేసుకుని రామన్న ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఏడ్చారట, నవ్వారట. రామన్న తల్లికి అప్పటికే చూపు ఆనదు. ఆమె టీవీ అద్దం మీద చెయ్యి పెట్టి కొడుకు వీపు నిమిరిందని చెప్పుకుంటారు.

అక్కడి నుంచి ఆ పని ఓంకార్‌ను వదల్లేదు. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర ఒక దుకాణపు మడిగె కిరాయికి తీసుకుని 'ఓంకార్ విజువల్స్' బోర్డు పెట్టాడు. తండ్రి లేని పెళ్లి ఎక్కడున్నా ఓంకార్‌ను పిలిచేవారు. కొత్తగా వచ్చిన అపార్ట్‌మెంట్లలో కోస్తావాళ్లు కూడా మొదట ముక్కున వేలేసుకుని, తర్వాత తామే వచ్చి అడిగేవారు. దానికి 'వెనకషాట్' అని పేరే పడిపోయింది.

పని పద్ధతి ఒకటుంది. ఓంకార్ ముందుగా పోయినవాళ్ల చెప్పులు అడిగేవాడు. నడక చెప్పుల అడుగున రాసి ఉంటుందట. మడమ ఏ పక్క అరిగింది, వేలి దగ్గర ఎంత గుంట పడింది, ఏ పట్టీ సాగింది. అవి వేసుకుని నాలుగు రోజులు ఇంట్లో తిరిగేవాడు. అయిదో రోజు చెప్పులు విప్పినా ఆ నడక పోయేది కాదు. చెప్పులు దానమిచ్చేశామని ఎవరైనా అంటే ఆ పని ఒప్పుకునేవాడే కాదు.

నాలుగు రోజులూ ఇంట్లో తిరిగేవాడు అని రాయడం తేలిక. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు తెలుస్తుంది. వాకిట్లో అడుగుల చప్పుడు వింటే ఏ పిల్లయినా నాన్న వచ్చాడని పరుగెత్తుతుంది. నవనీత పరుగెత్తేది కాదు. తలుపు చాటు నుంచి చూసేది. ఒక వారం ఎవరో ముసలాయన గచ్చు మీద కాళ్లు రాసుకుంటూ లోపలికొచ్చేవాడు, ఇంకో వారం ఎవరో టకటకమని వచ్చేవాడు. దీపం వెలుగులోకి వచ్చాకే అది నాన్న ముఖం. ఆ ఒక్క క్షణం ఆమె గుండె గుప్పెట్లో పెట్టుకుని ఉండేది. ఈ సంగతి ఆమె తండ్రికి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పకపోయినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఇప్పుడు ఓంకార్‌గా ఎవరు నడవాలి? బుజ్జి నడవాలి. పాతికేళ్లు ఓంకార్ పక్కన కెమెరా మోసినవాడు, వయసు యాభై దాటింది, మనిషి కూడా ఇంచుమించు అదే ఎత్తు. బుజ్జి కాదనలేదు. కానీ ఒక మాట అన్నాడు.

"నడుస్త బిడ్డా. ఓంకారన్న కోసం నడవకుంటే ఇంకెవరి కోసం నడుస్త? కాని అన్న నడక ఎట్లుంటదో ఒక్కసారి చూపెట్టు. నాకు యాదికొస్తలేదు."

నవనీత నవ్వింది. పాతికేళ్లు వెంట తిరిగినవాడికి గుర్తు లేకపోవడమేమిటి! తల్లిని అడిగింది. భూలక్ష్మి నోరు తెరిచింది. ఇట్ల, అని చెయ్యి గాల్లో ఊపింది. లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. వేసిన అడుగులు రామన్నవి. సరిచేసుకుని మళ్లీ వేసింది. ఈసారి ఇంకెవరివో. భూలక్ష్మి మెల్లగా గోడకానుకుని కూర్చుంది.

"ముప్పై ఏండ్లు కాపురం చేసిన," అంది.

నవనీతకు కూడా గుర్తు రాలేదు. గొంతు గుర్తుంది, మీసం గుర్తుంది, సిగ్నల్ దగ్గర బండి ఆపి వెనక్కి తిరిగి 'భద్రంగ కూసున్నవా' అనడం గుర్తుంది. నడక మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు. తలచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నడిచివస్తారు, దగ్గరికి వచ్చాక వాళ్లకు నాన్న ముఖం ఉంటుంది. ఆమెకు భయం వేసింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఊళ్లో పోయినవాళ్లందరినీ మిగిల్చిపెట్టి, తనను తాను మిగల్చకుండా పోతాడా మనిషి!

ఆఫీసుకు సెలవు పెట్టింది. ఆమె పని కూడా వీడియోలే. కంపెనీల కోసం, నిప్పంటుకుంటే ఏ మెట్ల మీంచి దిగాలో, లిఫ్టు ఎందుకు ఎక్కకూడదో చెప్పే వీడియోలు తయారుచేస్తుంది. ఎవరూ పూర్తిగా చూడరు, చూసినట్టు నొక్కి వదిలేస్తారు. తండ్రి వీడియోలు మాత్రం జనం అరిగిపోయేదాకా చూశారు. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ కొంచెం కుళ్లుగానే ఉండేది.

హఫీజ్‌పేట్ మడిగెలో గోడ నిండా టేపులు, వాటి కింద డీవీడీలు, వాటి కింద హార్డ్ డిస్కులు. రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తి కూర్చునేది. సాయంత్రానికి కళ్లు మంటలు. తండ్రి ప్రతి టేపులోనూ ఉన్నాడు, ఒక్కదానిలోనూ లేడు. పాలాయనగా ఉన్నాడు, ఒక చెయ్యే ఊగుతుంది. నరసింహమూర్తిగా ఉన్నాడు, మూడడుగులకొకసారి ఆగి చుట్టూ చూస్తాడు. రామన్నగా ఉన్నాడు. పేర్లు తెలియని ఎందరిగానో ఉన్నాడు. పదిరోజులు తిరిగేసరికి ఆ వీపులన్నీ ఆమెకు చుట్టాలైపోయాయి. రోడ్డు మీద ఎవరైనా నడుస్తుంటే ఏ టేపులోని మనిషో చెప్పేయగలదు. తండ్రిగా తండ్రి నడిచిన ముక్క అరనిమిషం కూడా దొరకలేదు.

"చెప్పులున్నయి గదా," అన్నాడు బుజ్జి. "అన్న పద్ధతే మనం చేద్దాం."

భూలక్ష్మి ఆ చెప్పులు ఎవరికీ ఇవ్వలేదు. నల్లని తోలుచెప్పులు, ఆరేళ్లు వాడినవి. మడిగె ముందు ఎండలో బోర్లించి చూశారు ఇద్దరూ. అడుగు అంతా సమంగా అరిగి ఉంది. ఈ పక్క లేదు, ఆ పక్క లేదు. వేళ్ల గుంట లేదు. అన్ని పక్కలా అందరూ అరగదీస్తే అలా అవుతుంది. బుజ్జి వాటిని తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగుకు ఎడమకాలు ఈడ్చింది. ఆరో అడుగుకు ఆగి చుట్టూ చూశాడు. ఏడో అడుగు వెయ్యలేక అరుగు పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను ఈడ్చలే బిడ్డా," అన్నాడు. "నేను ఆగలే. కాళ్లు వాటంతటవే పోతున్నయి."

చెప్పులు విప్పి, చేత్తో పట్టుకోకుండా కర్రపుల్లతో సంచిలోకి తోశాడు. తర్వాత చాలాసేపు చాయ్ తాగలేక గ్లాసు ఊరికే పట్టుకుని కూర్చున్నాడు.

మరునాడు ఆమెకు ఉదయశ్రీ అనే అమ్మాయి పెళ్లి డీవీడీ దొరికింది.

2012, గచ్చిబౌలిలో పెళ్లి. ఉదయశ్రీ తండ్రి యజ్ఞనారాయణ సర్కారీ ఆఫీసులో పనిచేసి, పెళ్లికి ఏడాది ముందు పోయాడు. రాజమండ్రి వైపువాళ్లు. తెరలో మండపం, జంట, జనం. కెమెరా దగ్గర్నుంచి ఓంకార్ గొంతు వినపడుతోంది. "అమ్మా, జర ఎడమకు జరగండి. పంతులుగారూ, మీరు అడ్డమున్నరు." ఇంతలో కుడిపక్క నుంచి గోధుమరంగు శాలువా కప్పుకున్న ఒక పెద్దమనిషి వచ్చాడు. కెమెరాకు వీపు. ఎడమచెయ్యి నడుం మీద, ఆ చేతి రెండు వేళ్లతో కుడి మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగా మెట్లెక్కి, రెండు చేతులతో అక్షింతలు వేసి, మండపం అవతలి పక్కన దిగిపోయాడు. చక్కని వెనకషాట్.

నవనీత చేతిలో మౌస్ ఆగిపోయింది. నాన్న అక్కడ నడుస్తుంటే, కెమెరా వెనక మాట్లాడుతున్నదెవరు?

వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. పెద్దమనిషి తెరలోకి రాగానే ఓంకార్ మాట మధ్యలో తెగిపోయింది. బొమ్మ కొంచెం వణికింది. ఆ తర్వాత ఊపిరి, మైకుకు బాగా దగ్గరగా. ఆయన మెట్లెక్కుతుండగా ఓంకార్ తనలో తాను గొణుక్కున్న మాట స్పష్టంగా వినపడింది.

"చెప్పులు లేవన్నరు గదా..."

బుజ్జికి ఫోన్ చేసింది. ఆ పెళ్లికి తాను లేనన్నాడు బుజ్జి. ఆ వారమంతా తన సొంత అన్న కొడుకుతో సంగారెడ్డిలో దవాఖానలో ఉన్నాడు. ఓంకార్ ఒక్కడే వెళ్లాడు, ఒకటే కెమెరా. ఆ ఇంటివాళ్లు చెప్పులు దానమిచ్చేశారు కాబట్టి వెనకషాట్ చెయ్యనని ముందే చెప్పేశాడు కూడా. "ఇంగో మాట," అన్నాడు బుజ్జి. "ఆ పెండ్లి తర్వాత అన్న వెనకషాట్ మళ్లా చెయ్యలే. ఎంతమంది బతిమాలినా చెయ్యలే. నడుము నొస్తుందనెటోడు."

యజ్ఞనారాయణ భార్య నాగేశ్వరి గోపన్‌పల్లిలోనే ఉంది, పదమూడో అంతస్తులో. నవనీత శుభలేఖ పట్టుకుని వెళ్లింది. బాల్కనీ నుంచి యూనివర్సిటీ చెట్లు, వాటి అవతల అద్దాల భవనాలు కనపడుతున్నాయి. నాగేశ్వరి మంచినీళ్లు తెచ్చి కూర్చోబెట్టింది.

"ఓంకార్ గారమ్మాయివా? అయ్యో, రామ్మా. ఆయన పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. మాకెంత ఉపకారం చేశారనుకున్నావు! చెప్పుల్లేవు, చెయ్యనండీ అని ఖండితంగా చెప్పేశారు. తీరా చూస్తే వీడియోలో మావారు. మా ఏడుపు చూడలేక చేసేసుంటారులే అనుకున్నాం."

నాగేశ్వరి చెప్పుకుపోయింది.

"పదిరోజులకు వచ్చారమ్మా మీ నాన్నగారు. లోపలికి రమ్మన్నా రాలేదు. చిన్న తెరలో ఆ ముక్క చూపించి, 'అమ్మా, మీవారు ఇట్లనే నడిచెటోళ్లా' అన్నారు. అచ్చం ఇలాగేనండీ అన్నాను. మావారు అలా మణికట్టు పట్టుకునేవారని మీకెవరు చెప్పారండీ అనడిగాను. ఆయన గడపలోనే కూలబడిపోయారు. నీళ్లు తాగారు. ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగారు. ఉంచమన్నాను."

"ఇంకేమన్నా అన్నరా ఆంటీ?"

నాగేశ్వరి శుభలేఖ బల్ల మీద పెట్టింది. "అన్నారు. అప్పుడు నాకర్థం కాలేదు. 'పదేండ్ల సంది నేను నడిచి నడిచి తోవ చేసిననమ్మా. ఇగ వాళ్లకు తోవ దొరికింది' అన్నారు. దణ్ణం పెట్టి వెళ్లిపోయారు."

లిఫ్టులో దిగుతున్నంతసేపూ నవనీత ఆ 'తోవ' మాటే తిరగేసుకుంది. ఆ షాట్ మీ ఆయనదేనండీ, మా నాన్నది కాదు అని ఆమెకు చెప్పాలా వద్దా అని మాత్రం ఆలోచించలేదు. నాగేశ్వరికి ఆ సంగతి తెలుసేమోనని ఆమె అనుమానం. తెలిసే పదమూడేళ్లుగా గుట్టుగా దాచుకుని ఉంటుంది.

ఆ సాయంత్రమే తల్లికి చెప్పేసింది. వెనకషాట్ లేదు. బుజ్జి నడవడు, ఇంకెవరూ నడవరు. ఫొటోకు దండ వేసి కుర్చీలో పెడదాం.

భూలక్ష్మి శివాలెత్తింది. పెళ్లికూతురని కూడా చూడకుండా తిట్టింది. చివరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎట్ల నడుస్తడో యాదికొస్తలేదనే నా ఏడుపు," అంది. "వీడియోల నిలబెడితే జర చూసుకుందుననుకున్న. అంతే."

నవనీత తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. తనకూ కావలసింది అదేనని, పెళ్లికంటే కూడా అదే కావాలనిపిస్తోందని చెప్పలేదు. చెప్పినా ఆ తల్లి అర్థం చేసుకునేదే.

పెళ్లి బాగా జరిగింది. మేనమామ దంపతులు కన్యాదానం చేశారు. కోస్తా చుట్టాలు కూరలో కారం ఎక్కువైందన్నారు, ఇటువాళ్లు వాళ్ల పప్పులో ఏమీ లేదన్నారు. బుజ్జి మండపానికి ఎదురుగా ఒక కెమెరా స్టాండు మీద కదలకుండా పెట్టి, ఇంకోదాన్ని చేత్తో పట్టుకుని తిరిగాడు. అక్షింతల వేళ నవనీత అందరు పెళ్లికూతుళ్లలాగే తల వంచుకుని కూర్చుంది. బియ్యం గింజలు కళ్లలో పడకుండా కళ్లు మూసుకుంది. వచ్చేవాళ్లెవరో, పోయేవాళ్లెవరో ఏమీ చూడలేదు. ఫొటోలో ఓంకార్ అందరినీ చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు బుజ్జి ఫోన్ చేశాడు.

"బిడ్డా, జర మడిగెకు రావాలె. ఒక్కదానివే రా."

వెళ్లేసరికి బుజ్జి షట్టర్ బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానన్నాడు. స్టాండు కెమెరాది, అక్షింతల ముక్క పెట్టి ఉంచానన్నాడు. ఏముంది కాకా అంటే తల అడ్డంగా ఊపాడు. "నేను చూసిన. చాలు."

లోపల చల్లగా ఉంది. అవతల హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఏదో బండి ఆగి కదిలింది. నవనీత కుర్చీ లాక్కుని ప్లే నొక్కింది.

తెరలో మండపం. తను, జశ్వంత్. జనం వరస కట్టి అక్షింతలు వేస్తున్నారు. పెద్దమ్మ, చిన్నమ్మ, ఆఫీసువాళ్లు. వాళ్ల మధ్యలో, శాలువా కప్పుకున్న ఒకాయన ఎడమకాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. ఆయన వేసి అవతలి పక్కన దిగిపోయాడు. ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు వేసి సెల్ఫీ తీసుకున్నారు. తర్వాత ఒక్క చెయ్యే ఊగుతున్న మనిషి. తర్వాత మూడడుగులకొకసారి ఆగి చుట్టూ చూసే మనిషి. ఎడమచేతి రెండు వేళ్లతో మణికట్టు పట్టుకున్న మనిషి. అందరూ వీపులే. ఆ పదిరోజుల్లో ఆమెకు చుట్టాలైన వీపులన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి, రెండు చేతులా అక్షింతలు వేశాయి, దిగిపోయాయి. పక్కనున్నవాళ్లెవరూ వాళ్లను చూడటం లేదు. కానీ వాళ్లు రాగానే తప్పుకుని దారి మాత్రం ఇస్తున్నారు, ఎందుకు తప్పుకుంటున్నారో తమకే తెలియనట్టు.

వాళ్లందరి కోసం ఓంకార్ నిలబడ్డాడు. ఇప్పుడు ఓంకార్ కోసం వాళ్లు వచ్చారు. నవనీతకు భయం వెయ్యలేదని కాదు. కానీ అంతకంటే ఎక్కువగా దుఃఖం పొంగుకొచ్చింది. అందరూ వచ్చారు, మా నాన్న ఏడీ?

వరస పలచబడింది. మండపం దాదాపు ఖాళీ అయింది. అప్పుడు తెర అడుగున, ఎడమ చివర నుంచి, ఏదో కదిలింది. ఒక మనిషి నడుం దాకా వంగి, ఒక చెయ్యి నేలకు దించి, కెమెరాకు అడ్డం రాకుండా దాని కిందుగా పోతున్నాడు. వీపు మీది శాలువా మడత మాత్రం కనపడింది. కుడి చివరకు పోయి ఆగాడు. మళ్లీ అలాగే వంగి వెనక్కి వచ్చాడు. మెట్ల దాకా పోతున్నాడు, ఎక్కడం లేదు. షాట్ పాడవుతుందేమోనని చూస్తున్నాడు.

ఏ ఫంక్షన్ హాల్లోనైనా వీడియో తీసేవాళ్లు అలాగే పోతారు, ఒకరి ఫ్రేముకు ఇంకొకరు అడ్డం రాకుండా. పాతికేళ్లు ఆ పనిలో ఉన్నవాడు ఇంకెలా పోతాడు? సొంత నడక టేపులో దొరకలేదంటే ఎలా దొరుకుతుంది? తనుగా ఉన్నంతసేపూ ఆయన ఫ్రేము కిందే వంగి ఉన్నాడు.

నవనీత చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వెక్కిళ్లు పెట్టి, ముక్కు చీదుకుంటూ, ఆరు నెలలుగా ఏడవనంతగా ఏడ్చింది. తర్వాత తెర దగ్గరగా ముఖం పెట్టి, బుజ్జికి వినపడుతుందని కూడా చూసుకోకుండా అరిచింది.

"వంగకు నాయినా! లే! ఇది నీ షాటే. నీ బిడ్డ పెండ్లే. ఎవ్వలకూ అడ్డం రావు నువ్వు. జర లేసి నిలబడు."

వెనక్కి తిప్పి మళ్లీ ప్లే నొక్కింది.

వరస పలచబడింది. తెర అడుగున, ఎడమ చివర నుంచి, వంగిన మనిషి వచ్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఎవరో పిలిచినట్టు తల కొంచెం పక్కకు తిప్పాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా, నిటారుగా లేచాడు. లేచి మండపం వైపు నడిచాడు.

చెప్పుకోవడానికి ఏమీ లేని నడక. కాలు ఈడ్వదు, చెయ్యి ఊగదు. కుడిభుజం మాత్రం రవంత కిందికి దిగి ఉంది, ఎప్పుడూ బరువు మోసే భుజం. అడుగు వేసే ముందు మడమ ఒక్క క్షణం ఆలోచిస్తుంది, కింద వైరు ఉందేమోనని. అంతే. ఇన్నాళ్లూ దీని కోసమా వెతికింది! వాకిట్లో ఈ చప్పుడు ఒక్కసారి విని ఉంటే పరుగెత్తుకుని పోయేది.

ఆయన మెట్లెక్కాడు. చేతిలోని అక్షింతలు వెంటనే వెయ్యలేదు. జంట ముందు నిలబడి చూస్తున్నాడు. అప్పుడు తెరలో పెళ్లికూతురు తల ఎత్తింది. మొదటిసారి చూసినప్పుడు ఎత్తలేదు. పెళ్లినాడూ ఎత్తలేదు, నవనీతకు బాగా తెలుసు. తెరలోని నవనీత మాత్రం తల ఎత్తి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. నోరంతా తెరిచి నవ్వింది. పెదవులు కదిలాయి. కుర్చీలోని నవనీతకు ఆయన వీపు తప్ప ఏమీ కనపడటం లేదు.

ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. అక్షింతలు వేశాక దిగిపోతాడని గుర్తొచ్చి, నవనీత చప్పున పాజ్ నొక్కింది.

తెర ఆగింది. జశ్వంత్ ఆగాడు, పూలదండలు ఆగాయి, పక్కన పంతులుగారి చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన శాలువా అంచు మాత్రం ఇంకా మెల్లగా కదులుతోంది.

తెర మీంచి చూపు తిప్పకుండానే ఆమె ఫోన్ తడుముకుని తల్లికి కలిపింది.

"అమ్మా, ఎట్లున్నదానివి అట్ల ఆటో ఎక్కి మడిగెకు రా. నాయిన నిలబడ్డడు. నేను ఆపి పెట్టిన, కాని ఎంతసేపు ఆగుతడో తెల్వది. జల్ది రా."